ఎగిరే వస్తువు – నిలిచిన చిత్రం: ఛాయాచిత్ర ప్రామాణ్యంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

గాలిలో కదిలే వస్తువు ఏ క్షణాన ఎటు తిరిగి, ఎంత ఒరిగి ఉందో కెమెరా ద్వారా నిర్ణయించే ప్రయత్నాలకు సుమారు ఒకటిన్నర శతాబ్దపు చరిత్ర ఉంది. ఈ ప్రయత్నాల్లో ఛాయాచిత్రాన్ని ప్రత్యక్ష సాక్ష్యంగా స్వీకరించడం పరిపాటి. చిత్రం ఇచ్చేది ప్రత్యక్షజ్ఞానం కాదనీ, అనుమానానికి కావలసిన హేతువు మాత్రమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎతియెన్ జూల్ మరే తీసిన పిల్లి, పక్షుల చిత్రాలు, 1920 నాటి ఫిరంగిగుండు ప్రయోగాలు, క్రికెట్ బంతి కుట్టు, హాక్-ఐ దృశ్యాలు ఇందులో పరిశీలనాంశాలు. సంశయాన్ని పాఠకుడికి కనిపించేలా నిలపడమే ఇటువంటి చిత్రాల విలువకు గీటురాయి అని నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: దిగ్విన్యాసం, ఛాయాచిత్రం, ప్రమాణం, అనుమానం, సంశయం, మరే, హాక్-ఐ.

1. ఉపోద్ఘాతం:

గాలిలో ఉన్న వస్తువును గురించి రెండు వేర్వేరు ప్రశ్నలు వేయవచ్చు. అది ఎక్కడ ఉంది అనేది మొదటిది. అది ఎటు తిరిగి ఉంది అనేది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం స్థానం, రెండవదానికి సమాధానం దిగ్విన్యాసం. స్థానాన్ని మూడు సంఖ్యలతో చెప్పవచ్చు. దిగ్విన్యాసానికి మరో మూడు కోణాలు కావాలి. వస్తువు ముక్కు కుడిఎడమల్లో ఎటు చూస్తున్నది, ఎంత పైకెత్తి లేదా కిందికి దించి ఉన్నది, తన పొడవు వెంట ఉన్న ఇరుసు మీద ఎంత దొర్లింది అన్నవి ఆ మూడు కోణాలు.

కెమెరా ఈ ఆరు సంఖ్యల్లో దేన్నీ నేరుగా నమోదు చేయదు. మూడు పరిమాణాల వస్తువును అది రెండు పరిమాణాల తలం మీదికి దించుతుంది. ఈ క్రమంలో లోతు పోతుంది. ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య గడిచిన కాలం కూడా పోతుంది. మిగిలినదాని నుంచి పోయినదాన్ని తిరిగి నిర్మించడమే కెమెరా ద్వారా దిగ్విన్యాసాన్ని కొలవడం. అందువల్ల ఇది చూసే పని కన్నా చదివే పనికే ఎక్కువ దగ్గర. చదివే పని అయినప్పుడు అది విమర్శకు లోబడుతుంది. ఏ చదువరి ఏ ఆధారంతో ఏమి చదివాడు, ఆ చదువుకు పాఠం ఎంతవరకు అవకాశమిస్తుంది అనే ప్రశ్నలు ఇక్కడ కూడా వర్తిస్తాయి.

2. ప్రత్యక్షమా? అనుమానమా?:

తెలుగు ప్రాంతీయుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ న్యాయ వైశేషిక శాస్త్రాలకు ప్రవేశద్వారం వంటిది. అందులోని విభజన ప్రకారం ఇంద్రియానికీ వస్తువుకూ సన్నికర్ష కలిగినప్పుడు పుట్టే జ్ఞానం ప్రత్యక్షం. పొగను చూసి నిప్పును తెలుసుకోవడం అనుమానం. అనుమానానికి రెండు అవసరాలున్నాయి. ఒకటి కంటికి కనిపించే హేతువు. రెండవది ఆ హేతువు ఉన్నచోట సాధ్యం తప్పక ఉంటుందన్న వ్యాప్తి. అయథార్థ జ్ఞానభేదాల్లో ఒకటైన సంశయాన్ని వివరించడానికి ఆ సంప్రదాయం ఇచ్చే ఉదాహరణ అందరికీ తెలిసినదే. మసకవెలుతురులో దూరంగా కనిపించేది మోడో మనిషో తేలని స్థితి అది.

ఈ ఉదాహరణ నీడచిత్రాలకు అతికినట్లు సరిపోతుంది. ఆకాశాన్ని నేపథ్యంగా చేసుకొని ఎగిరే కొంగను దూరం నుంచి తీస్తే చిత్రంలో మిగిలేది నల్లటి ఆకారరేఖ మాత్రమే. ఆ కొంగ చిత్రం తీసేవారి వైపు వస్తున్నదా, దూరంగా పోతున్నదా అన్న ప్రశ్నకు ఆ రేఖలో సమాధానం ఉండకపోవచ్చు. తగినంత దూరంలో ఉన్న వస్తువును ముందు నుంచి చూసినప్పటి నీడ, సరిగ్గా వెనుక నుంచి చూసినప్పటి నీడకు అద్దంలోని ప్రతిబింబం మాత్రమే. రెక్కలు రెండూ ఒకే తీరున ఉంటే ఆ భేదం కూడా మాయమవుతుంది. ఒకే ధర్మిలో రెండు విరుద్ధ ధర్మాలు తోచడమే సంశయం. ఈ అర్థంలో నీడచిత్రం సంశయానికి శాస్త్రీయ నిర్వచనం వంటిది.

సంశయం స్థలానికే పరిమితం కాదు, కాలంలో కూడా ఉంది. సినిమాలో ముందుకు పరుగెత్తే బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడం ప్రేక్షకులకు అనుభవంలో ఉన్నదే. సెకనుకు 40 సార్లు తిరిగే వస్తువును సెకనుకు 25 చిత్రాల వేగంతో తీస్తున్నారనుకుందాం. ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య ఆ వస్తువు 1.6 చుట్లు తిరుగుతుంది. పూర్తయిన చుట్టును చిత్రం గుర్తించలేదు. మిగిలిన 0.6 చుట్టు 216 డిగ్రీలు. చూసేవారికి అది 144 డిగ్రీలు వెనక్కి తిరిగినట్లు తోస్తుంది. ప్రతి చిత్రమూ నిజమే అయినా వాటి వరుస అసత్యాన్ని చెబుతుంది. విడివిడి వాక్యాలు సత్యమై కథనం అసత్యం కావడం సాహిత్యవిమర్శకు కొత్త విషయం కాదు.

3. మరే పిల్లి – భిన్నపఠనాలు:

1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో వరుస కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించాడు. గుర్రం నాలుగు డెక్కలూ నేలను వదిలేది కాళ్లు ముందుకు వెనక్కు చాపినప్పుడు కాదనీ, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడనీ ఆ చిత్రాలు చూపాయి. చిత్రకారులు తరతరాలుగా గీస్తూ వచ్చిన చాపుకాళ్ల భంగిమ దానితో చెల్లకుండా పోయింది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త మరే (1830–1904) ఈ మార్గాన్ని మరింత ముందుకు తీసుకుపోయాడు. 1882లో సెకనుకు 12 చిత్రాలు తీసే తుపాకీ ఆకారపు కెమెరాను రూపొందించి ఎగిరే పక్షులను చిత్రించాడు. 1894లో ఆయన తీసిన ‘పడుతున్న పిల్లి’ చిత్రమాల దిగ్విన్యాస చర్చలో అత్యంత విలువైన పాఠం.

కాళ్లు పట్టుకొని తలకిందులుగా వదిలిన పిల్లి నేల చేరేసరికి కాళ్ల మీద నిలుస్తుంది. అప్పటి యాంత్రికశాస్త్రజ్ఞులకు ఇది చిక్కుప్రశ్న. బయటి నుంచి తిప్పే బలం లేనప్పుడు, ముందుగా తిరగని వస్తువు తనంతట తాను తిరగలేదన్నది వారి వాదం. అందువల్ల పిల్లి వదిలిన చేతిని తన్నుకొని భ్రమణాన్ని సంపాదించి ఉండాలని వారు ఊహించారు. మరే తన చిత్రమాలలను పారిస్‌లోని విజ్ఞాన అకాడమీ ముందుంచాడు. అదే సంవత్సరం ‘నేచర్’ పత్రిక వాటిని ప్రచురిస్తూ, శాస్త్రపరిశోధన పట్ల పిల్లికి ఆసక్తి లేదని దాని ముఖకవళికలే చెబుతున్నాయని చమత్కరించింది.

ఆ చిత్రమాలలో ఒకటి పక్క నుంచి, మరొకటి శరీరపు కొస వైపు నుంచి తీసినది. వాటి తొలి చిత్రాల్లో పిల్లి శరీరం తిరగడం లేదు. తిరగడం చేతిని విడిచిన తరువాతనే మొదలవుతుంది. చేతిని తన్నుకున్నదన్న వాదం దీనితో కూలిపోయింది. ఆపైన కనిపించేది మరింత ముఖ్యమైనది. ముందరి భాగం నేల వైపు తిరిగే సమయానికి వెనుక భాగం ఇంకా పైకే చూస్తూ ఉంటుంది. తరువాత వెనుక భాగం ముందరి భాగాన్ని అందుకుంటుంది. అంటే ‘పిల్లి ఇప్పుడు ఎంత తిరిగింది?’ అన్న ప్రశ్నకు ఆ క్షణాన ఒకే సమాధానం లేదు. ఒకే దేహంలో రెండు దిగ్విన్యాసాలున్నాయి.

శాస్త్రజ్ఞుల పొరపాటు గణితంలో లేదు. పిల్లిని కొయ్యదిమ్మగా భావించడంలో ఉంది. ఆకారం మారని వస్తువుకు వారి సూత్రం చెప్పినదే నిజం. ఆకారాన్ని మార్చుకోగల దేహం, మొత్తం మీద భ్రమణరాశి శూన్యంగా ఉన్నా, భాగాలను ఒకదాని తరువాత ఒకటి కదిలించి చివరకు తిరిగిన స్థితికి చేరగలదు. చిత్రం చేసిన మేలు ఒక కోణాన్ని కొలిచి ఇవ్వడం కాదు. ఒకే కోణం ఉంటుందన్న భావననే ప్రశ్నార్థకం చేయడం.

అయితే చిత్రం ఎందాక పోగలదన్నది కూడా ఈ ఉదంతమే చెబుతుంది. కాళ్లను చాపడం, ముడవడం వల్ల ముందు, వెనుక భాగాలు వంతులవారీగా తిరుగుతాయన్న వివరణ 1894లోనే వచ్చింది. 1969లో థామస్ కేన్, ఎం.పి. షెర్ అనే పరిశోధకులు మరో నమూనాను ప్రతిపాదించారు. అందులో పిల్లి శరీరం నడుము దగ్గర కలిసిన రెండు స్తూపాలు. ఆ స్తూపాలు ఒకదానితో ఒకటి మెలితిరగవు. నడుము వంపు దిశ మారుతూ పోవడమే భ్రమణానికి కారణం. గణనతో వచ్చిన ఆకృతులను వారు పిల్లి ఛాయాచిత్రాల మీద పరచి పోల్చిచూపారు. మొదటి వివరణకు మెలి ప్రధానం, రెండవదానికి వంపు ప్రధానం. ఒకే తరహా చిత్రాల నుంచి 75 ఏళ్ల వ్యవధిలో రెండు భిన్నపఠనాలు వెలువడ్డాయి. తప్పుడు పఠనాన్ని చిత్రం తోసిపుచ్చగలిగింది గాని సరైన పఠనం ఇదొక్కటే అని స్థాపించలేకపోయింది. ఖండనలో చిత్రానికున్న బలం మండనలో లేదు.

4. మూడు చూపులు – ఒక ప్రతిమ:

ఒకే చూపు చాలదన్న సంగతిని మరే పిల్లి కన్నా ముందే, పక్షుల విషయంలో గుర్తించాడు. 1880ల్లో పారిస్‌లోని తన ప్రయోగకేంద్రంలో నల్లని నేపథ్యం ముందు తెల్లని పక్షులను ఎగరనిచ్చి, పక్క నుంచి, ఎదురు నుంచి, పై నుంచి చిత్రించాడు. ఈ మూడింటినీ సమన్వయించి రెక్క ఊపులోని ఒక్కో దశకు ఒక్కో ప్రతిమను చేయించాడు. ఆ ప్రతిమలను జూట్రోప్ అనే తిరుగుడు పరికరంలో అమర్చి పక్షి ఎగరడాన్ని తిరిగి కళ్లముందు నిలిపాడు.

ఈ పని దిగ్విన్యాసాన్ని కొలవడానికి ఆదిలోనే ఒక ఆదర్శాన్ని చూపింది. పక్క నుంచి చూసినప్పుడు రెక్క ఎంత పైకి లేచిందో తెలుస్తుంది గాని పక్కకు ఎంత చాచి ఉందో పై నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఒక చూపులోని లోపాన్ని మరో చూపు పూరిస్తుంది. ప్రతిమ మూడు సాక్ష్యాల మధ్య కుదిరిన ఏకవాక్యత. తయారీ పద్ధతి ప్రతిమలోనే స్పష్టంగా ఉండటం దీని గుణం. చేతితో మలచిన ప్రతిమను చూసి అది పక్షి అని ఎవరూ పొరబడరు. అది పక్షిని గురించిన వాదమని గ్రహిస్తారు. నేటి తెర మీది చిత్రానికి లేనిది ఈ స్పష్టతే.

5. అట్టల మీది రంధ్రాలు:

కెమెరా లేకుండా జరిగిన ఒక కొలతను ఇక్కడ పోల్చిచూడటం అవసరం. ఆర్.హెచ్. ఫౌలర్, ఇ.జి. గాలప్, సి.ఎన్.హెచ్. లాక్, హెచ్.డబ్ల్యు. రిచ్‌మండ్ కలిసి 1920లో రాయల్ సొసైటీ పత్రికలో సుడితిరిగే ఫిరంగిగుండు గమనాన్ని గురించి ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించారు. గుండు పోయే దారి పొడవునా అట్టలను నిలబెట్టి వాటిగుండా గుండును పేల్చడం వారి పద్ధతి. గుండు సరిగ్గా ముక్కు ముందుకు పెట్టి పోతే అట్టకు గుండ్రని రంధ్రం పడుతుంది. ఓరగా పోతే కోలగా పడుతుంది. రంధ్రం పొడవు గుండు ఎంత ఒరిగిందో చెబుతుంది. ఆ పొడవు వాలిన వైపు అది ఎటు ఒరిగిందో చెబుతుంది.

అట్ట మీది రంధ్రం కూడా నీడ వంటిదే. అదీ ఒక ప్రక్షేపమే. కానీ రంధ్రాన్ని చూసినవారెవరూ గుండును చూశామని అనరు. గుర్తును చూసి గుండు స్థితిని ఊహించామంటారు. ఇక్కడ అనుమానం తాను అనుమానమని దాచుకోదు. 1940ల్లో అమెరికాలోని అబర్డీన్‌లో విద్యుత్ స్ఫులింగపు కాంతితో గుండు నీడను రెండు లంబదిశల్లో ఒకేసారి నమోదు చేసే పద్ధతి అభివృద్ధి చెందింది. అట్టను తాకినప్పుడు గుండుకు కలిగే స్వల్పమైన కదలిక ఈ పద్ధతిలో లేదు. కొలత మెరుగైంది. అయినా గుర్తు నుంచి స్థితికి పోయే తర్కం మాత్రం అట్టల నాటిదే.

6. బంతి కుట్టు – చూపు ఉండవలసిన చోటు:

గుండుకు ముక్కు ఉంది, పక్షికి రెక్కలున్నాయి. క్రికెట్ బంతి గోళం కావడంతో అది ఎటు తిరిగినా నీడ వృత్తమే. దాని దిగ్విన్యాసాన్ని తెలిపే ముఖ్య చిహ్నం బంతి చుట్టూ ఉన్న కుట్టు. ఆటగాళ్ల వాడుకలో అది సీమ్. బంతి గాలిలో పక్కకు జరగడంలో కుట్టు వాలుకు ప్రధానపాత్ర ఉంది గనుక దాన్ని కొలవడం వ్యాఖ్యాతలకూ శిక్షకులకూ అవసరం.

కుట్టు ఒక వలయం. పక్క నుంచి చూస్తే వలయం దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. ‘కుట్టు వృత్తాకారం’ అన్న వ్యాప్తి ఉంటేనే దీర్ఘవృత్తం అనే హేతువు నుంచి వాలు అనే సాధ్యం సిద్ధిస్తుంది. ఇక్కడ కెమెరా ఉన్న చోటు ఫలితాన్ని శాసిస్తుంది. వలయానికి సరిగ్గా ఎదురుగా కెమెరా ఉందనుకుందాం. వలయం 10 డిగ్రీలు ఒరిగితే దాని వెడల్పు తగ్గేది కేవలం 1.5 శాతం. మామూలు చిత్రంలో ఇది గుర్తుకు రానంత స్వల్పం. అదే వలయాన్ని అంచు వైపు నుంచి చూస్తే అది గీతలా ఉంటుంది. 10 డిగ్రీలు ఒరిగితే ఆ గీత వ్యాసంలో 17 శాతం వెడల్పుగల దీర్ఘవృత్తంగా తెరుచుకుంటుంది. వస్తువు ఒకటే, వాలు ఒకటే. ఒక చోటి నుంచి దాదాపు అదృశ్యం, మరో చోటి నుంచి సుస్పష్టం. కథాకథనంలో దృష్టికోణానికి ఉన్న ప్రాధాన్యం ఇక్కడ అంకెల్లో రుజువవుతుంది.

మరుగు కూడా ఇక్కడ సమాచారాన్నే ఇస్తుంది. తీగతో చేసిన వలయం కెమెరా వైపు ఒరిగిందా, దూరంగా ఒరిగిందా అన్నది దూరం నుంచి చూసిన దీర్ఘవృత్తం చెప్పలేదు. బంతి పారదర్శకం కాదు గనుక కుట్టులో సగమే కనిపిస్తుంది. ఆ సగం ఏ వైపుకు ఉబ్బి ఉన్నదో చూసి వాలు దిశను నిర్ణయించవచ్చు. కనిపించకపోవడమే ఇక్కడ సంశయాన్ని తొలగిస్తుంది.

మరో చిక్కు ఉంది. వేగంగా వేసే బౌలర్ కుట్టును నిటారుగా పట్టి, వేళ్లను బంతి వెనుక నుంచి కిందికి లాగుతూ విడిచిపెడతాడు. బంతి వెనుదిశలో తిరుగుతుంది. ఈ భ్రమణం కుట్టు ఉన్న తలంలోనే జరగడంతో కుట్టు కదలకుండా నిలిచినట్లు కనిపిస్తుంది. నిదానంగా చూపిన దృశ్యంలో స్థిరంగా ఉన్న కుట్టును చూసి బంతి తిరగడం లేదని భావిస్తే అది భ్రమ. ఎంత వేగంతో తిరుగుతున్నదో తెలియాలంటే తోలు మీది ముద్ర వంటి మరో గుర్తు కావాలి. కుట్టు వాలును తెలిపే హేతువే, భ్రమణవేగం విషయంలో హేత్వాభాసమవుతుంది.

7. తెర మీది తీర్పు:

2001లో క్రికెట్ ప్రసారాల్లోకి వచ్చిన హాక్-ఐ అనేక కెమెరాల చిత్రాల నుంచి బంతి మార్గాన్ని పునర్నిర్మిస్తుంది. ఎల్బీడబ్ల్యు తీర్పుల్లో బంతి ప్యాడ్‌కు తగిలిన తరువాత పోయి ఉండే దారిని కూడా అంచనా వేస్తుంది. దీని ప్రధాన విషయం బంతి స్థానమే గాని దిగ్విన్యాసం కాదు. అయినా రెండింటి వెనుకా ఉన్న తర్కం ఒకటే కావడంతో ఈ చర్చకు అది అవసరం.

కార్డిఫ్ విశ్వవిద్యాలయ పండితులు హ్యారీ కాలిన్స్, రాబర్ట్ ఎవాన్స్ 2008లో ఈ పరికరంపై గట్టి విమర్శ చేశారు. తెర మీద కనిపించేది పునర్నిర్మాణమనీ, అందులోని దోషప్రమాణాన్ని ప్రేక్షకుడికి చూపకపోవడం వల్ల సాంకేతికతను గురించి అపోహలు పెరుగుతాయనీ వారి వాదం. 2007 వింబుల్డన్ పురుషుల ఫైనల్లో ఒక బంతి గీతను ఒక్క మిల్లీమీటరు మేర తాకిందని హాక్-ఐ తేల్చింది. ఆ పరికరం సగటు దోషం 3.6 మిల్లీమీటర్లని దాని తయారీదారులే చెప్పారు. దోషం కన్నా తక్కువైన తేడాను నిశ్చయంగా ప్రకటించడం తర్కానికి నిలవదు.

ఈ విమర్శ సరైనదే కానీ దోషం పరిమాణం దగ్గర ఎక్కువగా నిలిచిపోయింది. అంతకు ముందు జరిగే మార్పు మరింత మౌలికమైనది. రంగుల్లో కదిలే బంతి బొమ్మ అనుమానాన్ని ప్రత్యక్షం వేషంలో ప్రవేశపెడుతుంది. దోషం 3.6 మిల్లీమీటర్ల నుంచి ఒకటికి తగ్గినా ఈ వేషం మారదు. మరే ప్రతిమ, అట్ట మీది రంధ్రం తమ స్వభావాన్ని దాచుకోలేదు. తెర మీది బంతి దాచుకుంటుంది.

ఈ నేపథ్యంలో క్రికెట్‌లోని ‘అంపైర్స్ కాల్’ నియమాన్ని కొత్తగా అంచనా వేయవలసి ఉంది. బంతి వికెట్లను కొద్దిగా మాత్రమే తాకుతుందని అంచనా వచ్చినప్పుడు మైదానంలోని అంపైర్ తీర్పే నిలుస్తుంది. భారత క్రికెట్ బోర్డు చాలాకాలం ఈ సమీక్షా పద్ధతికి దూరంగా ఉండి 2016లో ఇంగ్లండ్‌తో సొంతగడ్డపై జరిగిన టెస్టుల్లో దాన్ని అంగీకరించింది. ఆ శ్రేణిలోనిదే నవంబరు 17న విశాఖపట్నంలో మొదలైన టెస్టు. ఆ నగరానికి అదే తొలి టెస్టు. తాకుతున్నట్లు తెర మీద కనిపించినా బ్యాట్స్‌మన్ అవుట్ కాకపోవడం ఏమిటని నాటి నుంచి నేటి దాకా ప్రేక్షకులు ప్రశ్నిస్తూనే ఉన్నారు. ప్రశ్నలో అసహనం ఉంది, అందుకు కారణం కూడా స్పష్టమే. తెర ప్రత్యక్షాన్ని వాగ్దానం చేసి చివరి క్షణంలో సంశయాన్ని ఒప్పుకుంటున్నది. తప్పు ఒప్పుకోవడంలో లేదు, వాగ్దానంలో ఉంది. ఈ నియమంలోని హద్దు అందరూ అంగీకరించిన ఒక కట్టుబాటే తప్ప ఆయా బంతికి ప్రత్యేకంగా లెక్కించిన దోషం కాదు. ఆ పరిమితితోనే అయినా, పరికరానికి తెలియనిది ఉన్నదని బహిరంగంగా చెప్పే నియమంగా అది గౌరవార్హం.

8. ముగింపు:

ఎగిరే వస్తువు దిగ్విన్యాసాన్ని కెమెరా చూపదు, దాన్ని ఊహించడానికి హేతువును అందిస్తుంది. హేతువు ఫలించడానికి వస్తువు ఆకారాన్ని గురించిన వ్యాప్తి, ఒకటికి మించిన చూపులు, భ్రమణానికి తగిన చిత్రవేగం అవసరం. వ్యాప్తి తప్పితే పిల్లి విషయంలో శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కే ఎదురవుతుంది. చూపు చోటు తప్పితే కుట్టు వాలు 1.5 శాతంలో అణగిపోతుంది. చిత్రవేగం చాలకపోతే చక్రం వెనక్కి తిరుగుతుంది.

ఈ పరిశీలన నుంచి తేలే విలువసూత్రం ఒకటి. కొలతకోసం తీసిన చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు అది ఎంత స్పష్టంగా ఉందని కాక, తనలోని సంశయాన్ని ఎంత నిజాయితీగా కనిపించనిస్తున్నదని అడగాలి. ఈ గీటురాయి మీద 1920 నాటి చిల్లుపడ్డ అట్ట నేటి మెరిసే తెర కన్నా మెరుగైన పాఠమని చెప్పక తప్పదు. దృశ్యాలను ఆధారాలుగా ఉదహరించడం సాహిత్య, జానపద పరిశోధనల్లోనూ పెరుగుతున్న కాలంలో ఈ వివేకం శాస్త్రవేత్తలకే పరిమితం కారాదు. ప్రదర్శనకళ వీడియోలో ఒక అభినయాన్ని గుర్తించే పరిశోధకుడు కూడా కెమెరా ఎక్కడ నిలబడింది, ఏ వైపు మరుగైంది, రెండు చిత్రాల మధ్య ఏమి జారిపోయింది అని అడగవలసిందే. మసకలో కనిపించినది మోడా, మనిషా అని అడగడంతో విచారణ మొదలవుతుంది. ఆ ప్రశ్నకు తావివ్వని చిత్రం ఎంత వెలుగులో తీసినదైనా ప్రమాణంగా నిలవదు.